ఆఫీసు వెనక నల్లా

ఆ ఊరి పేరు రాయను. జగిత్యాల నుంచి బస్సెక్కి రోజూ పోయి వచ్చేంత దూరంలో ఉన్న ఒక మున్సిపాలిటీ అనుకుంటే చాలు. అక్కడ నేను నాలుగేళ్లు కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేశాను. పేరుకే సర్కారు ఆఫీసు, నాది మాత్రం ఔట్‌సోర్సింగ్. ఏజెన్సీ మనిషి ఒక్క ఫోన్ చేసి రేపటి నుంచి రావద్దంటే అంతటితో సరి. మా ఆయన జగిత్యాల మామిడికాయల మార్కెట్లో హమాలీ. కాయ దిగే మూడు నాలుగు నెలలు ఆయన భుజాల మీద ఇల్లు నడిచేది, మిగతా ఏడాదంతా నా కుర్చీ మీద నడిచేది. అందుకే ఆ కుర్చీ అంటే నాకు అంత భయం.

నా పని ప్రజల ఫిర్యాదులు చూడటం. మురుగు మోరీ నిండి రోడ్డు మీదికొచ్చిందనీ, వీధి దీపం వెలగట్లేదనీ, చెత్త బండి రాలేదనీ జనం ఫోనులోని యాప్‌లో పెడతారు. చదువు రానివాళ్లు ఆఫీసు నంబరుకు చేసి చెప్తారు, నేను ఎక్కిస్తాను. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు పడుతుంది. అవన్నీ డాష్‌బోర్డు అనే తెర మీద వరుసగా కనిపిస్తాయి. కొత్తగా వచ్చింది పసుపు రంగులో ఉంటుంది. వారం దాటితే ఎర్రబడుతుంది. పని అయిందని ఫోటో పెట్టి మూసేస్తే పచ్చగా మారుతుంది. మూసిన తర్వాత ఫిర్యాదు చేసిన మనిషికి నేనే ఫోన్ చేసి, పని అయిందా, తృప్తిగా ఉన్నారా అని అడిగి, ఐదు నక్షత్రాలలో ఎన్నిస్తారో తెలుసుకుని నొక్కాలి. అదే తెర కమిషనర్ సారు గదిలో గోడ మీద పెద్ద టీవీలో కూడా కనిపించేది. పొద్దున సారు వచ్చి కూర్చోగానే నమస్తే పెట్టినవాళ్ల ముఖం కూడా చూసేవారు కాదు, ముందు ఆ టీవీ చూసేవారు.

మొదట్లో నాకు ఆ పని ఎంతో నచ్చింది. ఒకసారి ఒక ముసలాయన గల్లీలో దీపం వెలిగిన రోజు, నేను ఫోన్ చేయకముందే తనే చేసి, "బిడ్డా, నీ కడుపు సల్లగుండ, దీపం అచ్చింది" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆ రోజు బస్సులో దారంతా నిలబడి వచ్చినా కాళ్ల నొప్పి తెలియలేదు. జనం గోడు ఒక చోట కనిపిస్తే, చూసినవాళ్లు ఏదో ఒకటి చేస్తారని నిజంగానే నమ్మాను.

తర్వాత నెల నెలా జిల్లా రివ్యూ మీటింగులు మొదలయ్యాయి. ఏ ఊరిలో ఎన్ని ఎర్రగా ఉన్నాయో అందరి ముందూ చదివేవారట. ఒక రివ్యూకు వెళ్లి వచ్చిన రోజు కమిషనర్ సారు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మరుసటి రోజు నుంచి మా ఆఫీసులో మాటలు మారిపోయాయి. మోరీ తీశారా అని ఎవరూ అడగట్లేదు. ఎన్ని ఎరుపున్నాయి అని అడుగుతున్నారు.

అట్లాంటి ఒక రివ్యూకు ముందు రోజు మధ్యాహ్నం మా మేనేజర్ సారు కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చున్నారు.

"అమ్మా, రేపు రివ్యూ ఉన్నది. సారు ముఖం చూసినవు గద. ఎర్రగ ఒక్కటి సుత కనవడొద్దు."

"సార్, నీళ్ల కంప్లైంట్లకు ఎవ్వరూ పోలేదు సార్. పని కాలేదు."

"అయితది. ముందుగాల నువ్వు క్లోజ్ చెయ్యి. పని ఎన్కకెళ్లి అయితది. అందరు గట్లనే చేస్తున్నరు."

ఆయన చెడ్డ మనిషి కాదు. పండుగకు స్వీట్లు పంచేవాడు, మా అమ్మకు బాగాలేదంటే సెలవు అడగకుండానే ఇచ్చాడు. బహుశా అందుకే నాకు కాదనడం చేతకాలేదు. ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటూ పోయాను. మోరీలకు పాత ఫోటోలున్నాయి, దీపాలకు ఉన్నాయి. ఒక నల్లా ఫిర్యాదు దగ్గర ఆగిపోయాను. అది మస్కట్‌లో ఉండే ఒకాయన అక్కడి నుంచే పెట్టింది. "మా ఇంటికి ఇరవై రోజుల నుంచి నల్లా నీళ్లు రావడం లేదు. ఇంట్లో నా భార్య, చిన్న పాప మాత్రమే ఉంటారు. దయచేసి చూడగలరు" అని తెలుగులో పొందికగా రాశాడు. దానికి పెట్టడానికి నా దగ్గర నల్లా ఫోటో ఏదీ లేదు.

ఆఫీసు వెనక, సైకిళ్లు పెట్టే చోట ఒక నల్లా ఉండేది. అటెండరమ్మ అక్కడ బిందె పట్టుకుంటోంది. నేను ఫోన్ తీసుకుని వెళ్లి, "జర పక్కకు జరుగమ్మా" అన్నాను. ధారగా నీళ్లు, కింద స్టీలు బిందె. ఫోటో తీశాను. వచ్చి కూర్చుని "నీటి సరఫరా పునరుద్ధరించడమైనది" అని రాసి మూసేశాను. ఆఫీసు ఫోన్ నుంచి మస్కట్ నంబరుకు పోదు. కాబట్టి ఆయన తృప్తి కూడా నేనే నొక్కాలి. నాలుగు నక్షత్రాలు పెడితే ఒకటి ఎందుకు తగ్గిందని అడుగుతారు. ఐదు పెట్టాను. అది పచ్చగా మారింది. నేను బస్సుకు టైమయిందని లేచాను.

నాలుగు రోజుల తర్వాత ఒకామె ఆఫీసు నంబరుకు చేసింది.

"మేడం, గా నల్లా కంప్లైంటు మా ఆయన పెట్టిండు. అయిపోయిందని ఆయన ఫోన్ల అచ్చిందట. మాకైతే సుక్క నీళ్లు అస్తలెవ్వు."

"చూస్తమమ్మా. లైన్‌మన్‌ను పంపుత."

"పంపుడు కాదు మేడం. కాకుంటనే అయిందని ఎందుకు పెట్టిండ్రు? ఆయన నన్ను అడుగుతుండు."

"సిస్టమ్‌ల గట్ల పడ్డదమ్మా. రేపు పంపుత" అని పెట్టేశాను. ఆయన నన్ను అడుగుతున్నాడు అని ఆమె అన్న మాటలో ఏముందో నేను అప్పుడు వినలేదు. నిజం చెప్పడానికి అదే సరైన సమయం. ఆ ఫోను, ఆ రెండు నిమిషాలు. తర్వాత జరిగినదంతా అక్కడి నుంచి వచ్చిందే.

మూసిన ఫిర్యాదును మళ్లీ తెరవాలంటే నీళ్ల విభాగం ఇంజనీరు ఒప్పుకోవాలి. అట్లా తెరిచినవి తెర మీద విడిగా, మిగతా వాటికంటే ముదురు ఎరుపులో కనిపిస్తాయి. వాటికి కమిషనర్ సారు రివ్యూలో జవాబు చెప్పుకోవాలి. అయినా వెళ్లి ఇంజనీరు సారును అడిగాను.

"గా గల్లీ చివరి ఇల్లా?" అన్నారాయన. "ముందటోళ్లంత నల్లాలకు మోటర్లు బిగించుకున్నరు. చివరి ఇంటికి ఎట్ల అస్తయ్? తీపియ్యాలంటే నాకు ఎవరెవరి ఫోన్లస్తయో నీకు తెల్వదు. ఊకో అమ్మా."

ఊరుకున్నాను.

వారం తిరగకముందే ఆమె స్వయంగా ఆఫీసుకు వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. సన్నగా ఉంది. బడి డ్రెస్సులో ఉన్న ఆరేడేళ్ల పాపను చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఫిర్యాదు నంబరు ఒక కాగితం మీద రాసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఫోనులో మాట్లాడింది నేనేనని గొంతును బట్టి గుర్తుపట్టింది.

"అక్కా, నేను లడాయికి రాలే" అంది. "నీళ్లు ఇస్తె ఇయ్యిండ్రి, లేకుంటె లేదు. మా ఆయనతోని ఒక్క మాట చెప్పుండ్రి. మీరు రాసింది అబద్ధమని చెప్పుండ్రి. చాలు."

అప్పుడు మొత్తం చెప్పింది. నల్లా రానప్పటి నుంచి ఆమె తెల్లవారకముందే లేచి, పాప నిద్ర లేచేలోపు ఊరి బయట రైస్ మిల్లు బోరు దగ్గరికి వెళ్లి రెండు బిందెలు తెచ్చుకుంటోంది. అక్కడ వాచ్‌మన్ దయ తలచి మోటరు వేస్తాడు. అత్తవాళ్లది ఎల్లారెడ్డిపేట దగ్గరి పల్లె. మరిది ఒకరోజు ఏదో పని మీద పొద్దున్నే ఈ ఊరికి వచ్చి, మిల్లు గేటు లోపలి నుంచి వస్తున్న వదినను చూశాడు. అన్నకు చెప్పాడు. అన్న ఫోన్ చేసి, పొద్దున్నే మిల్లులో ఏం పని అని అడిగాడు. నీళ్లకు పోయానంది. దానికి ఐదారు రోజుల ముందే ఆయన ఫోనుకు నా ఫోటో చేరింది. ధారగా నీళ్లు పడుతున్న నల్లా, పక్కన పని పూర్తయినదని రాత.

"నీళ్లు ఇంట్లనే అస్తుంటె మిల్లుకు ఎందుకు పోతున్నవ్ అంటుండు. అస్తలెవ్వు అంటె, సర్కారోళ్లు అబద్ధం ఆడ్తరా, నువ్వు ఆడ్తున్నవా అంటుండు."

"వీడియో కాల్‌ల నల్లా చూపెట్టకపోయినవా?" అన్నాను.

"చూపెట్టిన అక్కా. కింద వాల్వు బంద్ చేసి చూపెడ్తున్నవ్ అన్నడు. పక్కోళ్లను అడుగుమన్న. వాళ్లకు చేసిండు. మాకైతె మంచిగనే అస్తున్నయ్ అన్నరు వాళ్లు. మోటర్ల సంగతి బయటపడ్తదని వాళ్ల బయం. గట్లంటె ఇగ నన్నెవరు నమ్ముతరు?"

ఆమె ఏడవలేదు. లెక్క అప్పజెప్పినట్టు వరుసగా చెప్పింది. చెప్పి, తన ఫోను తీసి, భర్తకు వీడియో కాల్ కలిపి నా చేతిలో పెట్టింది. నాకు తేరుకునే సమయం కూడా దొరకలేదు. తెర మీద పచ్చని కవరాల్ డ్రెస్సు వేసుకున్న మనిషి, తల మీద హెల్మెట్. వెనక ఎండ. పక్క టేబుల్ దగ్గర మేనేజర్ సారు కాగితాలు తిరగేయడం ఆపి నా వైపు చూస్తున్నారు.

"నమస్తే అన్నా" అన్నాను. "గా నల్లా కంప్లైంట్‌ల సిస్టమ్ మిస్టేక్ అయిందన్నా. నీళ్లు ఇంకా రాలేదు."

"మిస్టేకా?" అన్నాడు. "మరి ఫోటో ఎవరు తీసిండ్రు?"

నా చూపు మేనేజర్ సారు మీదికి పోయింది. "మా ఫీల్డోళ్లు తీసిండ్రు కావచ్చన్నా. వేరే ఇంటిది పడ్డదేమో."

"కావచ్చు, ఏమో. మేడం, నేను పదేండ్ల సంది సైట్ మీద పని చేస్తున్న. ఫోటో పెట్టకుంట ఇక్కడ ఒక బోల్టు సుత పాస్ కాదు. ఫోటో ఉన్నది. ఐదు స్టార్లున్నయ్. అప్పుడు రాలేదని మీరు రాయలే. ఇప్పుడు ఆమె పక్కపొంట నిలవడితె చెప్తున్నరు." హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, "ఆమె బతిమాలాడితె చెప్తున్నరు గదా. ఆడోళ్లు ఆడోళ్లు ఒక్కటే" అన్నాడు. ఫోను కట్ అయింది.

ఆమె నా చేతిలోంచి ఫోను తీసుకుంది. నన్నొకసారి చూసి, పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. మేనేజర్ సారు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "మంచిగ మాట్లాడినవ్. ఇంతకన్న ఎక్కువ మనం చెప్పొద్దు" అన్నారు. ఆ మెచ్చుకోలు నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఆ తర్వాతి సోమవారం ఆమె ఒక్కతే వచ్చింది. నా దగ్గరికి రాలేదు. వరండాలో జనం కూర్చునే బల్ల మీద, నా కిటికీకి ఎదురుగా కూర్చుంది. ఆఫీసు తెరిచినప్పటి నుంచి మూసేదాకా అట్లాగే ఉంది. మంగళవారం కూడా వచ్చింది. ఫిర్యాదు కాదు, ధర్నా కాదు, కొట్లాట కాదు. నేను తల ఎత్తితే చాలు ఆమె కనిపిస్తుంది. టైపు చేస్తుంటే అక్షరాలు తప్పుతున్నాయి. మంగళవారం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి వెళ్లి, "పాప ఏది?" అని అడిగాను.

"మా మరిది అచ్చి తోల్కపోయిండు. మా ఆయన చెప్పిండట, ఇసొంటి తల్లికాడ ఉంచొద్దని."

"నువ్వు ఆపకపోయినవా?"

"ఆపిన. గల్లీలోళ్లంత చూసిండ్రు. ఎవ్వరు నోరు తెరువలే." ఆమె నా డబ్బా వైపు చూడలేదు. "మీరు తినుండ్రక్కా. నాకు ఆకలైతలేదు."

"ఇక్కడ కూసుంటె ఏమొస్తది చెప్పు?"

"ఇంట్ల కూసుంటె ఏమొస్తది?" అంది.

బుధవారం కూడా ఆమె బల్ల మీదే ఉంది. ఆ రోజు కమిషనర్ సారు వరండాలోంచి పోతూ ఎవరీమె అని అడిగితే, నీళ్ల కంప్లైంటు సార్, క్లోజ్ అయిపోయింది అన్నారు మేనేజర్ సారు. సారు తల ఊపి కారెక్కారు. మేనేజర్ సారు అబద్ధం చెప్పలేదు. తెర మీద అది నిజంగానే పచ్చగా ఉంది.

గురువారం నుంచి ఆమె రావడం మానేసింది. అది ఇంకా భయంకరంగా ఉంది. శని, ఆదివారాలు నాకు ఇంట్లో చెయ్యి ఆడలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన ఏమైంది అని అడిగితే చెప్పలేకపోయాను. చెప్తే ఆయన నన్ను ఆపుతాడని భయం. ఆయన ఆపితే ఆగిపోతానని ఇంకా భయం. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్లి, ఫిర్యాదులో ఉన్న చిరునామా పట్టుకుని ఆ ఇల్లు వెతుక్కున్నాను.

సన్నని గల్లీ. చివర రెండు గదుల ఇల్లు, సిమెంటు పూర్తి కాని గోడలు. నీళ్లు వదిలే రోజే కాబట్టి ముందు ఇళ్లలో మోటర్లు గుయ్యిమని మోగుతున్నాయి. ఒకామె వాకిట్లో స్కూటీ కడుగుతోంది. చివరి ఇంటికి నీళ్లు వస్తున్నాయా అని అడిగితే, "మాకైతె అస్తున్నయమ్మా. ఆమె సంగతి మాకు తెల్వది" అని మోటరు వైరు మీద గోనెసంచి కప్పింది.

ఆమె తలుపు తీసింది. జుట్టు దువ్వుకోలేదు. బిందెలు బోర్లించి ఉన్నాయి. నల్లా మూతికి సాలెపురుగు గూడు అల్లింది. గోడకు ఆనించి పాప బడి సంచి.

"తాగనీకి నీళ్లున్నయా?" అన్నాను.

"పక్కబజార్ల ఒక్కామె చెంబెడు ఇస్తది. మిల్లుకు సుత పోతలేను అక్కా. పోతె ఒక మాట, పోకుంటె ఒక మాట. ఇప్పుడు నీళ్లు తెచ్చి ఎవరికి తానం పోయాలె?"

ఆ మాట అని ఆమె గోడకు జారగిలబడి కూర్చుంది. నేను ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. ఎన్ని రోజులుగానో నాలో నేను అనుకుంటున్న మాట అప్పుడు నోటిదాకా వచ్చింది.

"ఆ ఫోటో తీసింది నేనే."

ఆమె తలెత్తింది. కోపం వస్తుందని, అరుస్తుందని, నన్ను బయటికి తోస్తుందని అనుకున్నాను. నా ముఖం చూసి, నెమ్మదిగా, "నాకెందుకు చెప్తున్నరక్కా?" అంది. "నాకు తెల్వదా మా ఇంటి నల్లా కాదని? ఆయనకు చెప్పుండ్రి."

సోమవారం పొద్దున మొదటి బస్సుకే వెళ్లాను. ఆఫీసు ఇంకా తెరవలేదు. స్వీపరమ్మ ఒక్కతే వాకిలి ఊడుస్తోంది. వెనక నల్లా దగ్గర నిలబడి, ఫిర్యాదులో ఉన్న నంబరుకు నా సొంత ఫోను నుంచి వీడియో కాల్ చేశాను. అక్కడ ఆయన పనికి పోయే బస్సు కోసం నిలబడి ఉన్నాడు. వెనక ఎవరో హిందీలో అరుచుకుంటున్నారు. నన్ను చూడగానే ముఖం గంటు పెట్టుకున్నాడు.

"మల్ల ఆమెనే చేపిచ్చిందా?"

"నేను చేస్తున్నట్టు ఆమెకు తెల్వదన్నా. నీకాడ గా ఫోటో ఉన్నదా? తీసి చూడు. అటెన్క నేను చూపెట్టేది చూడు."

ఏ కళనున్నాడో, మాట విన్నాడు. నేను ఫోను తిప్పి నల్లాకు దగ్గరగా పెట్టాను. పైపు అతుకు దగ్గర కట్టిన ఎర్ర గుడ్డ చూపించాను. వెనక గోడ మీద పెచ్చులూడి ఇటుకలు బయటపడ్డ చోటు చూపించాను. నల్లా తిప్పి నీళ్లు వదిలాను. ఫోటోలో పడ్డట్టే ధారగా పడ్డాయి. తర్వాత అట్లాగే నడుచుకుంటూ ముందుకు వచ్చి ఆఫీసు బోర్డు చూపించాను.

"గిది మా ఆఫీసన్నా, మీ ఇల్లు కాదు. ఫోటో నేనే తీసిన. మీ గల్లీకి ఎవ్వరు పోలేదు. ఐదు స్టార్లు సుత నేనే నొక్కిన. నీ భార్య చెప్పిన దాంట్ల ఒక్క అబద్ధం లేదు. నిన్న పోయి నా కండ్లతోని చూసచ్చిన, నల్లాకు సాలెగూడు పట్టింది. ముందటోళ్లు మోటర్లు పెట్టుకున్నరు. ఆమె నీళ్ల కోసమే మిల్లుకు పోయింది."

బస్సు వచ్చినట్టుంది, జనం ఎక్కుతున్నారు, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆయన కదల్లేదు.

"మొన్న నేను అడిగిన్నాడు ఎందుకు చెప్పలే మేడం?"

"నౌకరి పోతదని బయపడ్డన్నా."

"నీ నౌకరి కోసం..." అని ఆగిపోయాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కాల్ కట్ అయ్యేముందు నాకు కనిపించింది ఆయన చెవి, మెడ, వెనక ఖాళీ అయిన ఫుట్‌పాత్.

ఆ కాల్‌ను ఆయన రికార్డు చేశాడని నాకు సాయంత్రం తెలిసింది. అప్పటికే ఆ ఊరి వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరుగుతోంది. నా ముఖం, నా గొంతు, మా ఆఫీసు బోర్డు. మా పక్కింటివాళ్లు నాకంటే ముందే చూశారు.

మరుసటి రోజు కమిషనర్ సారు గదిలోకి పిలిచారు. మేనేజర్ సారు, ఇంజనీరు సారు అప్పటికే ఉన్నారు. కూర్చోమనలేదు.

"ఎవరిని అడిగి పెట్టినవ్ అమ్మా ఆ ఫోటో?"

నేను మేనేజర్ సారు వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు. "మేనేజర్ సార్ క్లోజ్ చెయ్యమన్నరు సార్" అన్నాను.

"నేను పని చేపిచ్చి క్లోజ్ చెయ్యమన్న" అన్నాడాయన. ఆయనకూ ఇల్లుంది, ఇద్దరు ఆడపిల్లలున్నారు. "ఫోటో సంగతి నాకు తెల్వదు సార్."

"రాసిచ్చిండ్రా నీకు క్లోజ్ చెయ్యమని?" అన్నారు కమిషనర్ సారు.

అట్లాంటివి ఎవరూ రాసివ్వరు. ఇంజనీరు సారు ఫోను చూసుకుంటున్నారు. నేను ఇంకేం చెప్పినా నాకే వినపడట్లేదు. బయటికి వచ్చి సంచీ సర్దుకున్నాను. బస్టాండు చేరకముందే ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది.

ఇంటికి వెళ్లి మా ఆయనకు అంతా చెప్పాను. మార్కెట్ సీజన్‌కు ఇంకా అయిదు నెలలుంది. ఆయన లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు. "చేసిందానికి పోయింది, చెప్పినందుకు కాదు" అన్నాడు చివరికి. ఓదార్పుగా అన్నాడో, తిట్టాడో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ నిజమే అన్నాడు. ఆ తర్వాతి నెలలు ఎట్లా గడిచాయో రాయాలని లేదు. వీడియో చూసినవాళ్లు దుకాణాల దగ్గర గుర్తుపట్టి గుసగుసలాడేవారు. కొందరు ధైర్యవంతురాలని మెచ్చుకున్నారు. వాళ్లకు ముఖం చూపించడం ఇంకా కష్టమైంది.

వీడియో వేడి ఉన్నన్ని రోజులు ఆ గల్లీలో పనులు జరిగాయని విన్నాను. మోటర్లు తీయించారట. ఫోటోలు తీసుకున్నారట. పాపను మరిది తెచ్చి దిగబెట్టాడట. ఇవన్నీ అటెండరమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ పాప తల్లితో మాట్లాడాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది, నంబరు నొక్కి మళ్లీ తీసేశాను. ఏమని మాట్లాడాలి?

ఏడాది తర్వాత నాకు కోరుట్లలో ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో పని దొరికింది. చిన్న షట్టరు, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను. గల్ఫ్ పోయేవాళ్ల కాగితాలు, కులం సర్టిఫికెట్లు, పరీక్ష ఫీజులు. ఎవరి తృప్తినీ నేను నొక్కాల్సిన పని లేదు. ఒకరోజు మధ్యాహ్నం దరఖాస్తు నింపించుకోవడానికి ఆమె వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. వెనక్కి పోతుందనుకున్నాను. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. పాప ఎత్తు పెరిగింది.

పాప బడి మార్చడానికి కాగితాలు కావాలంది. సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్‌లో పని దొరికిందట, అక్కడికే పోతున్నారట.

"ఆ ఇల్లు?" అన్నాను.

"తాళమేసిన."

"నీళ్లు అస్తలెవ్వా?"

"అచ్చినయ్. రెండు నెలలు మంచిగనే అచ్చినయ్. మల్ల సన్నగైనయ్. మోటర్లు మల్ల పెట్టుకున్నరు." దరఖాస్తు మీద పాప పుట్టిన తేదీ సరిచూసుకుంటూ చెప్పింది. "నీళ్ల కోసం పోతలేనక్కా. ఆయన రోజు ఫోన్ చేస్తుండు. తప్పైంది అంటుండు. ఏడుస్తుండు సుత. నేనే మాట్లాడ్తలేను. ఒక ఫోటో చూసి నన్ను కాదన్నడు. రేపు ఇంకోటి చూస్తడు."

నేను టైపు చేయడం ఆపాను. "నేను పుట్టింది సిరిసిల్లలనే. మా అమ్మవాళ్ల వాడల కిరాయికి ఇండ్లుంటయ్, చెప్పనా?"

"వద్దక్కా. నేను చూసుకున్న."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఆశ పెట్టింది. ఏడాదిగా మింగలేక కక్కలేక ఉన్న మాట అడిగేశాను. "నా మీద ఇంక కోపమున్నదా?"

ఆమె పాప జడకు ఊడిన రబ్బరు బ్యాండు సరిచేసింది. ఆలోచించి, నిజాయితీగా జవాబు చెప్పాలన్నట్టు చెప్పింది.

"మొదటిసారి నేను ఫోన్ చేసిన్నాడు, నేనే తప్పు రాసిన అని ఒక్క మాట అంటె అయిపోతుండె గదక్కా. అప్పటికి మా మరిది ఇంక నన్ను మిల్లుకాడ చూడనే లేకుండె. అది యాదికస్తది నాకు. కోపమంటె కోపం కాదు. యాదికస్తది."

కాగితాలు ప్రింటు తీసి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాను. ఆమె కూడబలుక్కుంటూ పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది. పాప తనూ పెడతానని పేచీ పెడితే ఒక చిత్తు కాగితం ఇచ్చాను. ఇద్దరూ సిరిసిల్ల బస్సు ఎన్నింటికో అడిగి, ఎండలోకి దిగి వెళ్లిపోయారు. అప్పటికే షట్టరు దగ్గర ఇంకో ఇద్దరు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను వాళ్లను లోపలికి రమ్మన్నాను.